ఊరి చేత నిజం చెప్పించిన మేయర్

తెలుగు బైబిల్ చదివేవారికి ఈ ఊరి పేరు కొత్త కాదు. పౌలు థెస్సలొనీకయులకు రాసిన రెండు పత్రికలూ ఇక్కడివాళ్లకు రాసినవే. ఈనాటి థెస్సలోనీకి గ్రీస్ దేశానికి ఉత్తరాన, ఏజియన్ సముద్రపు అఖాతం ఒడ్డున ఉంది. ఏథెన్స్ తర్వాత ఆ దేశంలో అంత పెద్ద నగరం ఇదే. వచ్చేవాళ్లు రోమన్ల కాలం నాటి కట్టడాలు, బైజాంటిన్ చర్చిలు చూస్తారు. నేను ఒక మేయర్ ఆనవాళ్లు వెతుక్కుంటూ వచ్చాను. ఆయన పేరు యానిస్ బుతారిస్. 2011 నుంచి 2019 దాకా ఈ నగరానికి మేయర్‌గా ఉన్నారు. 2024 నవంబర్ 9న, 82 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

2018 మే నెలలో చదివిన ఒక వార్త నన్ను ఆయన వైపు తిప్పింది. 75 ఏళ్ల మేయర్‌ని సొంత ఊళ్లోనే, నలుగురూ చూస్తుండగా, కింద పడేసి తన్నారు. లంచం తిన్నాడని కాదు, పన్నులు పెంచాడనీ కాదు. ఆ ఊరి గురించి ఊరివాళ్లు వినడానికి ఇష్టపడని సంగతులు మాట్లాడినందుకు ఆయన మీద కోపం పెంచుకున్నవాళ్లు ఆ పని చేశారు. అప్పటి నుంచి ఆ ఊరేమిటో, ఆ సంగతులేమిటో చూడాలనిపించింది.

ఇక్కడ ఎవరైనా తెల్ల బురుజు దగ్గరే నడక మొదలుపెడతారు. అక్కడి నుంచి తూర్పుగా సముద్రం పక్కనే మూడున్నర కిలోమీటర్ల బాట ఉంది. దాని పని మొదలైంది బుతారిస్ మేయర్ కాకముందే అయినా పూర్తయింది మాత్రం ఆయన హయాంలో, 2014లో. సాయంత్రమయ్యేసరికి సగం ఊరు అక్కడే ఉంటుంది. సైకిళ్ల మీద పిల్లలు, చేతిలో చేయి వేసుకుని నడిచే ముసలి దంపతులు, గాలాలు వేసుకు కూర్చున్న మగవాళ్లు. ఆకాశం తేటగా ఉన్న రోజున నీళ్లకు అవతల ఒలింపస్ పర్వతం కనిపిస్తుంది. నగరం తన సముద్రాన్ని ఎంత ప్రేమిస్తుందో ఆ బాట మీద అర్థమవుతుంది. తన చరిత్రను అలా ప్రేమించడం మాత్రం ఈ నగరానికి చాలాకాలం చేతకాలేదు.

1913లో ఇక్కడ జనాభా లెక్కలు తీశారు. మొత్తం సుమారు 1,58,000 మంది. అందులో యూదులు 61,000, ముస్లింలు 46,000, గ్రీకులు 40,000. అంటే వందేళ్ల కిందట ఇక్కడ ఎక్కువమంది మాట్లాడిన భాష గ్రీకు కాదు. 1492లో స్పెయిన్ నుంచి తరిమేస్తే ఒట్టోమన్ల నీడకు వచ్చిన యూదులు, తమతో తెచ్చుకున్న లదీనో భాషను నాలుగు వందల ఏళ్లు ఇక్కడ బతికించుకున్నారు. వాళ్ల విశ్రాంతి దినమైన శనివారం నాడు ఓడరేవులో పని ఆగిపోయేది.

ఆ ఊరు తలకిందులవడం ముప్పయ్యేళ్లలో జరిగిపోయింది. 1912లో నగరం గ్రీకుల చేతికి వచ్చింది. 1917లో అగ్నిప్రమాదం నడిబొడ్డును బూడిద చేసింది. 1923లో గ్రీస్, టర్కీలు జనాన్ని మార్చుకున్నాయి. ఇక్కడి ముస్లింలు వెళ్లిపోయారు, ఆసియా మైనర్ నుంచి గ్రీకు శరణార్థులు కట్టుబట్టలతో వచ్చారు. 1943 మార్చి 15న, జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఊరి నుంచి యూదులతో ఆష్విట్జ్ మరణ శిబిరానికి మొదటి రైలు బయలుదేరింది. ఆగస్టుకల్లా దాదాపు 46,000 మంది యూదులను నాజీలు తరలించేశారు. యుద్ధం ముగిశాక ఊళ్లో మిగిలినవాళ్లు రెండు వేలలోపే.

ఎలెఫ్తెరియాస్ చౌక్ ఓడరేవుకు దగ్గర్లో ఉంటుంది. 1942 జులై 11న, ఒక శనివారం ఉదయం, 18 నుంచి 45 ఏళ్ల మధ్య ఉన్న యూదు మగవాళ్లందరూ ఇక్కడికి రావాలని జర్మన్ సైన్యం ఉత్తర్వు వేసింది. దాదాపు 9,000 మంది వచ్చారు. మండుటెండలో గంటల తరబడి నిలబెట్టారు, కొట్టారు, నేల మీద దొర్లించారు. వెట్టిచాకిరికి పేర్లు రాసుకున్నారు. అలాంటి చోటు యుద్ధం తర్వాత దశాబ్దాల పాటు కార్ల పార్కింగ్ స్థలంగా ఉండిపోయింది. ఇప్పుడు సముద్రం వైపు మూలన ఒక కంచు శిల్పం ఉంది. ఏడు కొమ్మల యూదు దీపస్తంభం మంటల్లో ఉన్నట్టు దూరానికి తోస్తుంది. దగ్గరికి వెళ్తే ఆ మంటలే మనుషుల దేహాలు. ఒకదానిలో ఒకటి చిక్కుకుపోయి, చేతులు వేలాడేసి, తలలు వాల్చేసి ఉంటాయి. నాందోర్ గ్లిడ్ అనే శిల్పి రూపకల్పన అది. దాని ముందు చాలాసేపు ఉండిపోయాను. ఎదుట రోడ్డు మీద బస్సులు వస్తూ పోతూ ఉన్నాయి.

బుతారిస్ ఈ నగరంలోనే 1942 జూన్ 13న పుట్టారు. ఆ శనివారానికి సరిగ్గా నాలుగు వారాల ముందు. ఆయన తొట్టిలో ఉన్నప్పుడు ఊళ్లో ప్రతి అయిదుగురిలో ఒకరు యూదు. ఆయనకు మాటలు వచ్చేసరికి వాళ్లు లేరు. వాళ్ల ఇళ్లలో వేరేవాళ్లు ఉన్నారు, వాళ్ల దుకాణాల మీద వేరే పేర్లు ఉన్నాయి. ఆ తరం పిల్లలంతా పెద్దవాళ్ల మౌనంలోనే పెరిగారు. ఆ మౌనం తప్పని గట్టిగా చెప్పే మేయర్ రావడానికి మరో అరవై ఎనిమిదేళ్లు పట్టింది.

ఆయన రాజకీయాల్లో పుట్టి పెరిగినవాడు కాదు. ఆ సంగతి తెలియాలంటే నగరం దాటి పశ్చిమంగా నౌసా వెళ్లాలి. మైదానం పొడుగునా పీచ్ తోటలు. ఆ తర్వాత వెర్మియో కొండ మొదలవుతుంది, ద్రాక్ష తోటలు ఆ వాలులోనే ఉంటాయి. అరిస్టాటిల్ కుర్రవాడైన అలెగ్జాండర్‌కు పాఠాలు చెప్పిన మియెజా కూడా ఈ పక్కనే. బుతారిస్ తాత 1879లో ఇక్కడ వైన్ వ్యాపారం పెట్టాడు. వాళ్లు వ్లాఖ్ కుటుంబం. రోమన్ల భాషకు చుట్టమైన ఒక భాష మాట్లాడుతూ, గొర్రెల మందలతో, సరుకుల బిడారులతో బాల్కన్ కొండల్లో తిరిగినవాళ్ల సంతతి. ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష ఉండే కుటుంబం నుంచి వచ్చినవాడికి, ఒక ఊరికి ఒకే జాతి, ఒకే భాష ఉండాలన్న వాదన రుచించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

రసాయన శాస్త్రం, ఆ తర్వాత వైన్ తయారీ చదువుకుని ఆయన కుటుంబ వ్యాపారంలోకి వచ్చారు. అప్పటికి నౌసా తోటలు దీనస్థితిలో ఉన్నాయి. పురుగు తెగులు, యుద్ధాలు తోటలను తినేశాయి. చాలామంది రైతులు పండ్ల చెట్లకు మారిపోయారు. నౌసా పైన యన్నకోహోరి దగ్గర ఆయన క్సినోమావ్రో అనే నల్ల ద్రాక్షను పెద్దఎత్తున నాటించారు. సాగుకు తేలిగ్గా లొంగే రకం కాదది. ఆలస్యంగా పండుతుంది. పులుపు, వగరు ఎక్కువ. వానలు ముందుగా పడితే పంట చెడుతుంది. దాని వైన్ పీపాల్లో, సీసాల్లో ఏళ్లకేళ్లు ఆగితేగానీ మెత్తబడదు. ఈనాడు గ్రీకు వైన్ల గురించి ఎవరు రాసినా క్సినోమావ్రోను తలవకుండా ఉండరు. 1990ల రెండో సగంలో ఆయన కుటుంబ సంస్థను వదిలేసి ఈ తోటలతోనే ‘కిర్ యాన్ని’ అనే సొంత సంస్థ పెట్టుకున్నారు. ఆ తోటలో ఒట్టోమన్ల కాలం నాటి కావలి బురుజు ఒకటి ఇప్పటికీ నిలిచి ఉంది. దాని నీడలో నిలబడి చూస్తే తీగల వరుసలు కొండవాలు పొడుగునా కిందికి దిగిపోతూ కనిపిస్తాయి. ఫలితం కోసం పదేళ్లు ఓపిక పట్టడం ఆయనకు ఇక్కడే అలవాటై ఉండాలి.

ఇంత గొప్ప వైన్ తయారీదారు తాగుడుకు బానిస. 1990ల మొదట్లో మానేశారు. ఆ తర్వాత చివరి వరకూ ముట్టలేదు. వైన్ రుచి చూడాల్సి వస్తే నోట్లో పోసుకుని ఉమ్మేసేవారు. ఈ సంగతి ఆయన ఎక్కడా దాచలేదు. ఎన్నికల్లో నిలబడినప్పుడూ దాచలేదు, మేయర్ అయ్యాకా దాచలేదు. పత్రికలవాళ్లు అడిగితే అడిగినంతా చెప్పేవారు. మన రాజకీయాల్లోనైనా, వాళ్ల రాజకీయాల్లోనైనా ఎదుటివాళ్లు ఎత్తిచూపితే తప్ప నాయకుడు తన బలహీనత గురించి నోరు విప్పడు. ఈయన తానే ముందుగా చెప్పేశారు. ఆ మనిషిని అర్థం చేసుకోవడానికి నాకు దొరికిన తాళంచెవి ఇదే. జబ్బు ఉందని ఒప్పుకోనిదే నయం కాదని ఆయనకు స్వానుభవంతో తెలుసు. తర్వాత ఊరి విషయంలో ఆయన చేసిందీ అదే.

నౌసా నుంచి ఇంకా పశ్చిమంగా, అడవుల మధ్య మలుపులు తిరుగుతూ వెళ్తే నింఫేయో వస్తుంది. సముద్రమట్టానికి సుమారు 1,350 మీటర్ల ఎత్తున రాతి ఇళ్లు, రేకు కప్పులు ఉన్న వ్లాఖ్ ఊరు. ఒకప్పుడు వెండి పనివాళ్లకు పేరుపడిన చోటు. బుతారిస్ కుటుంబం మూలాలు ఇక్కడే ఉన్నాయి. 1992లో ఆయన ఆర్క్‌తూరోస్ అనే సంస్థ మొదలుపెట్టారు. అప్పటికి గ్రీస్ రోడ్ల మీద ఎలుగుబంట్లను ఆడించేవాళ్లు ఇంకా ఉండేవారు. చట్టం ఎప్పుడో నిషేధించింది కానీ, పట్టుకుంటే ఆ జంతువును పెట్టడానికి చోటు లేక పోలీసులు ఊరుకునేవారు. ఆ చోటు చూపించింది ఈ సంస్థ. నింఫేయో పక్కన బీచ్ చెట్ల అడవిలో పెద్ద ఆవరణ కట్టి వాటికి ఆశ్రయమిచ్చింది. కొన్నేళ్లలో ఎలుగుల ఆట దేశంలో అంతరించింది.

ఆ ఆవరణ కంచె వెంట గైడు మమ్మల్ని నడిపించాడు. ఒక ముసలి ఎలుగు చెట్టు మొదట్లో కూర్చుని ముంగాలితో ఆకులు కెలుకుతోంది. మూతి మీద పాత మచ్చ ఉంది. ఆడించేవాళ్లు కూనగా ఉన్నప్పుడే మూతికి కమ్మీ గుచ్చి గొలుసు వేసేవారని, కాలే రేకు మీద నిలబెట్టి వాయిద్యం వాయించేవారని గైడు చెప్పాడు. తర్వాత ఆ మోత వినబడితే చాలు, రేకు లేకపోయినా కాళ్లు ఎత్తేదట. ఇలాంటివి అడవిలో సొంతంగా బతకలేవు. అందుకని చచ్చేదాకా ఇక్కడే ఉంటాయి. చూసి బయటికి వస్తున్నప్పుడు మాలో ఎవరూ మాట్లాడలేదు.

ఇలాంటి మనిషి 2010లో, 68 ఏళ్ల వయసులో, మేయర్ ఎన్నికల్లో గెలిచారు. మన కార్పొరేషన్లలో మేయర్‌ను కార్పొరేటర్లు ఎన్నుకుంటారు. గ్రీస్‌లో జనమే నేరుగా ఓటేస్తారు. ఇరవై ఏళ్లకు పైగా ఒకే సంప్రదాయ పక్షం చేతిలో ఉన్న నగరంలో ఆయన కొన్ని వందల ఓట్ల తేడాతో బయటపడ్డారు. చెవికి పోగు, చేతుల మీద పచ్చబొట్లు, వేళ్ల మధ్య ఎప్పుడూ సిగరెట్. మొహమాటం లేని మాట. స్థానిక బిషప్ అంథిమోస్ ఆయనను బాహాటంగానే వ్యతిరేకించారు.

పగ్గాలు అందేసరికి దేశం అప్పుల్లో మునిగి ఉంది. 2010లోనే గ్రీస్ విదేశీ సాయానికి చేయి చాచింది. జీతాలు, పింఛన్లు కోతపడుతున్నాయి. నగరపాలక సంస్థ పరిస్థితి మరీ అధ్వానం. అంతకు ముందరి మేయర్, మరి కొందరు అధికారులు మునిసిపల్ నిధుల స్వాహా కేసులో 2013లో దోషులుగా తేలారు. దాదాపు 1 కోటి 80 లక్షల యూరోల వ్యవహారమది. కింది కోర్టు ఆ మేయర్‌కు యావజ్జీవం వేసింది, అప్పీలులో శిక్ష తగ్గింది. జనం మునిసిపాలిటీ అంటేనే విసిగిపోయిన రోజులవి. కొత్త మేయర్ ముందు లెక్కలు తెరిచారు, దుబారా తగ్గించారు. చిల్లర పని అనిపించవచ్చు. కానీ లెక్కలు దాచే ఊరు చరిత్రను బయటపెట్టలేదు. రెంటికీ ఒకే అలవాటు కావాలి.

2013 మార్చిలో, మొదటి రైలు బయలుదేరి 70 ఏళ్లు నిండిన సందర్భంలో, ఎలెఫ్తెరియాస్ చౌక్ నుంచి పాత రైల్వే స్టేషన్ దాకా వేలమంది నగరవాసులు నడిచారు. నాడు యూదులను తోలుకెళ్లిన దిక్కుగానే ఆ నడక సాగింది. అప్పటి నుంచి అది దాదాపు ఏటా జరుగుతోంది. 2014లో నాజీ భావాల పార్టీ అభ్యర్థి ఒకరు కౌన్సిల్‌కు ఎన్నికయ్యారు. ఆ ఏడాది రెండోసారి మంచి మెజారిటీతో గెలిచిన బుతారిస్, ప్రమాణ స్వీకారానికి కోటు మీద పసుపు నక్షత్రం పెట్టుకుని వచ్చారు. నాజీలు యూదుల ఒంటి మీద కుట్టించిన గుర్తు అది.

అరిస్టాటిల్ విశ్వవిద్యాలయం ఆవరణలోకి వెళ్లినప్పుడు ఈ పనుల బరువు పూర్తిగా తెలిసింది. ఆ ప్రాంగణం ఉన్న నేల ఒకప్పుడు యూదుల శ్మశానం. మూడు లక్షలకు పైగా సమాధులు ఉండేవంటారు. 1942 డిసెంబర్‌లో దాన్ని తవ్వి పారేశారు. ఆక్రమించింది జర్మన్లే అయినా ఆ కూల్చివేతలో స్థానిక అధికారుల చేయి ఉంది. సమాధి రాళ్లు గోడల్లోకి, మెట్లలోకి, చర్చిల మరమ్మతుల్లోకి చేరాయి. మీద చదువుల భవనాలు లేచాయి. ఏడు దశాబ్దాల పాటు అక్కడ ఒక పలక కూడా లేదు. 2014 నవంబర్‌లో చిన్న స్మారకం వెలిసింది. పచ్చగడ్డి మీద విరిగిన రాతి పలకలు, ఒక దీపస్తంభం. ఆవిష్కరణ సభలో మేయర్, ఈ మౌనానికి నగరం సిగ్గుపడుతోందని చెప్పారు. సాటి పౌరులను అమ్ముకున్నవాళ్ల గురించి, వాళ్ల ఆస్తులు కాజేసినవాళ్ల గురించి కూడా మాట్లాడారు. జర్మన్లను తిట్టి ఊరుకుంటే ఎవరికీ నొప్పి ఉండేది కాదు. ఆయన తన ఓటర్ల తాతల గురించి మాట్లాడారు. నేను వెళ్లినప్పుడు ఆ గడ్డి పక్కన విద్యార్థులు కొందరు కాఫీ తాగుతూ పరీక్షల గురించి చెప్పుకుంటున్నారు. వాళ్లలో ఒకమ్మాయిని ఇదేమిటని అడిగితే, సూటిగా, తడబాటు లేకుండా చెప్పింది. ఆమె అమ్మమ్మ తరానికి అలా చెప్పే ధైర్యం ఉండేది కాదు.

ముస్లింల జ్ఞాపకాల విషయంలోనూ ఆయన అంతే. ఆధునిక టర్కీని నిలబెట్టిన అతాతుర్క్ 1881లో ఈ ఊళ్లోనే పుట్టాడు. గులాబీ రంగు గోడల ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. పెరట్లో ఆయన తండ్రి నాటాడని చెప్పే దానిమ్మ చెట్టు ఉంది. చూడటానికి వచ్చినవాళ్లలో టర్కీ కుటుంబాలే ఎక్కువ. కొందరి కళ్లు చెమర్చడం చూశాను. టర్కీ వాళ్లనూ ఇజ్రాయెల్ వాళ్లనూ ‘మీ పెద్దల ఊరికి రండి’ అని పిలిచారు బుతారిస్. వాళ్లు వచ్చారు. హోటళ్లు నిండాయి. సంక్షోభంలో ఉన్న నగరానికి అది అన్నం పెట్టింది. ఊరి తూర్పున 1902లో కట్టిన యెని జామి మసీదుంది. 1923 తర్వాత అందులో శరణార్థులు తలదాచుకున్నారు, ఆ పైన మ్యూజియం నడిచింది. ఆయన చొరవతో 2013లో, దాదాపు తొంభై ఏళ్ల తర్వాత, అక్కడ మళ్లీ నమాజు జరిగింది. లోపల అలంకారాల్లో ఆరు కోణాల నక్షత్రాలు కనిపిస్తాయి. యూదు మతం నుంచి ఇస్లాంలోకి మారిన దొన్మెలు కట్టుకున్న మసీదు అది. ఒక్క గోడ మీద ఊరి చరిత్ర ఇంతగా పెనవేసుకున్న చోటు నేను ఇంకెక్కడా చూడలేదు.

2012లో ఊళ్లో మొదటిసారి ఎల్‌జీబీటీ వర్గాల ప్రైడ్ ఊరేగింపు జరిగితే ఆయన అండగా నిలబడ్డారు. ఉత్తరాన ఉన్న పొరుగు దేశంతో పేరు గొడవ తెంచుకోవాలని వాదించారు. ‘మాసిడోనియా’ అన్న మాట మా సొత్తని లక్షలమంది వీధుల్లోకి వచ్చిన కాలంలో, ఆ దేశ ప్రధానిని నూతన సంవత్సర వేళ తన ఊరికి అతిథిగా ఆహ్వానించారు. 2018 మే 19న తెల్ల బురుజు దగ్గర, నల్లసముద్ర తీరపు గ్రీకుల ఊచకోతను స్మరించుకునే సభకు వెళ్లినప్పుడు ఆయన మీద దాడి జరిగింది. పడిపోయినా వదలకుండా తన్నారు. ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. చనిపోయిన మన వాళ్ల కోసం ఏడ్చే సభలో, చనిపోయిన పరాయివాళ్ల కోసం కూడా ఏడవమన్న మనిషిని కొట్టారు. ఆ బురుజు ముందు నిలబడినప్పుడు నాకు కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడూ అది తగ్గలేదు.

ఆయన అన్నీ సాధించారని చెప్పను. కూరగాయల బజారులో మాట కలిపిన ఒక ముసలాయన, ‘మంచివాడే, కానీ చెత్త సరిగా ఎత్తించలేకపోయాడు’ అన్నాడు. ట్రాఫిక్ గురించీ, బాగుచేయని పేవ్‌మెంట్ల గురించీ అలాంటి మాటలే విన్నాను. 2018 జనవరిలో హోలోకాస్ట్ మ్యూజియానికి శంకుస్థాపన జరిగింది. ఆయన బతికుండగా అది తెరుచుకోలేదు. ఎలెఫ్తెరియాస్ చౌక్‌ను స్మారక వనంగా మార్చాలన్న ఆయన కోరిక కూడా ఆయన పదవిలో ఉండగా తీరలేదు. 2006లో పని మొదలైన మెట్రో, ఆయన పోయిన మూడు వారాలకు, 2024 నవంబర్ 30న నడిచింది. వెనిజెలూ స్టేషన్ తవ్వకంలో బైజాంటిన్ కాలపు పాలరాతి వీధి, దాని వెంట దుకాణాల పునాదులు బయటపడ్డాయి. మెట్రో కావాలా, పాత వీధి కావాలా అని ఊరు రెండుగా చీలితే, రెండూ కావాలని పట్టుబట్టినవాళ్లలో ఆయన ఒకరు. చివరికి ఆ రాళ్లను తీసి, మళ్లీ తెచ్చి అమర్చారు. రైలు దిగినవాళ్లు వాటి పక్క నుంచే మెట్లెక్కి ఆఫీసులకు పోతున్నారు.

మేయర్ పని రోడ్లు, నీళ్లు, చెత్త అనుకుంటాం. అవి చేయాల్సిందే, అందులో ఆయన తక్కువ చేసిన చోట్లున్నాయి. అయితే ఒక ఊళ్లో ఎవరెవరు బతికారో, ఎవరిని ఎవరు పంపేశారో నోరు తెరిచి చెప్పడం కూడా మేయర్ పనే. ఆ పని మరే ఇంజినీరూ చేయలేడు, ఏ కాంట్రాక్టరుకూ అప్పగించలేం. ఓట్లు వేసిన వాళ్ల ముఖం మీదే అది చెప్పాలి. దానికి కావలసిన ధైర్యం బుతారిస్ తాగుడు మానిన రోజుల్లో సంపాదించుకున్నారు. థెస్సలోనీకిలో ఇప్పుడు పార్టీలు మారుతున్నాయి, మేయర్లూ మారుతున్నారు. మార్చి నెల నడక మాత్రం ఆగలేదు. విశ్వవిద్యాలయంలో ఆ పిల్ల చెప్పినట్టు చెప్పగలిగినవాళ్లు ఏటేటా పెరుగుతున్నారు. ఒకసారి నిజం నోట వచ్చిన ఊరిని మళ్లీ మౌనంలోకి నెట్టడం ఎవరికైనా చాలా కష్టం. ఆయన ఊరికి మిగిల్చిపోయిన ఆస్తి అదే.